బారలు లెక్కపెట్టిన సీసం

క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ ఈజిప్టు గురించి రాస్తూ ఒక చిన్న సంగతి చెప్పాడు. తీరం చేరడానికి ఇంకా ఒక రోజు ప్రయాణం ఉందనగా తాడు కట్టిన గుండును సముద్రంలోకి వదిలితే, 11 బారల లోతున దానికి బురద అంటుకుని వస్తుందట. అంటే నేల కంటబడక ముందే నైలు నది ఒండ్రు ఓడవాళ్ళకు కబురు చెప్పేదన్నమాట.

బార అంటే మీకు తెలుసు. రెండు చేతులూ చాచినప్పుడు ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస వరకు ఉండే పొడవు. మన బెస్తవారూ నీటి లోతును బారల్లోనే చెబుతారు. ఇంగ్లీషు నావికుల ఫాదమ్ కూడా ఇదే కొలత: 6 అడుగులు, అంటే 1.83 మీటర్లు. నీటిలోంచి తాడు లాగే మనిషి ఒక్కో లాగుకు చేతులు చాచక తప్పదు కనుక, ఏ దేశంలోనైనా కొలబద్ద అతని ఒంట్లోనే ఉంది.

తాడు చివర రాయి కట్టవచ్చు, కాల్చిన మట్టి గుళ్ళు కట్టవచ్చు. సింధు నాగరికత నాటి స్థలాల్లో వలలకు కట్టిన మట్టి గుళ్ళు దొరికాయి. అయితే సీసం చేతికొచ్చాక మిగతావన్నీ వెనకబడ్డాయి. కారణం దాని సాంద్రత. నీటిని 1 అనుకుంటే మామూలు రాయి 2.7 దగ్గర ఉంటుంది, ఇనుము 7.9, సీసం 11.3. పైగా సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. ఇనుమును కరిగించడానికి 1,500 డిగ్రీలకు పైగా వేడి కావాలి. సీసానికి వంటింటి పొయ్యి, ఇనప గరిటె ఉంటే చాలు. ఈ సుగుణమే తర్వాత ప్రమాదంగా ఎలా మారిందో చివర చూద్దాం.

తెలుగు నేలకు సీసం కొత్త కాదు. పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో దాని ఖనిజం ఉంది. సాతవాహనులు సీసంతో నాణేలు పోయించారు. వాటిలో కొన్నిటి మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఓడ బొమ్మ ఉన్న ఆ సీసపు బిళ్ళలు మన తీరంలోనే దొరకడం చరిత్ర విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక ఓడల మీది గుండు తాడు సంగతి. బ్రిటిష్ ఓడల్లో చేతితో విసిరే గుండు సుమారు 7 పౌన్లు, అంటే 3 కిలోలకు కొంచెం పైన ఉండేది. దాని అడుగున చిన్న గుంట చేసి అందులో జంతువుల కొవ్వు నింపేవారు. ఇసుకో, బురదో, గవ్వముక్కో దానికి అంటుకుని పైకి వచ్చేది. తాడు పొడవునా గుర్తులుండేవి. 2 బారల దగ్గర రెండు తోలుముక్కలు, 3 దగ్గర మూడు, 5 దగ్గర తెల్ల గుడ్డ, 7 దగ్గర ఎర్ర గుడ్డ, 10 దగ్గర చిల్లి ఉన్న తోలు, 13 దగ్గర నీలం గుడ్డ. ఆ గుడ్డలు కూడా ఒకే రకానివి కావు. చీకట్లో రంగు కనబడకపోయినా తాకి చూసి పోల్చుకోవడానికి ఒక్కోటి ఒక్కో నేతలో ఉండేది. ఈ రంగుల తాడును మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీనితో పనిబడుతుంది.

ఈ వ్యాసం సముద్రానికి దూరంగా, బిలాస్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకుని ఉన్న సిర్గిట్టి నుంచి రాస్తున్నాను. ఇక్కడ సముద్రం మాటెందుకని మీరు అడగవచ్చు. ఈ ఊరిని రైల్వే పట్టణంగా మార్చిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు విశాఖపట్నం రేవుతో దగ్గర సంబంధం ఉంది. మధ్య పరగణాల మాంగనీసు వంటి సరుకుకు తూర్పు తీరాన ఒక ద్వారం కావలసి వచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా లైను 1931లో పూర్తయింది. రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ 1933 అక్టోబర్ 7న వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఇక్కడి తెలుగు రైల్వే కుటుంబాలు ఊరెళ్ళేది ఆ లైను మీదే. విశాఖ రేవుకు మొదటి శత్రువు తీరం వెంబడి కదిలే ఇసుక. దాన్ని అడ్డుకోవడానికి రాళ్ళు నింపిన రెండు పాత ఓడలను ముఖద్వారం దగ్గర ముంచవలసి వచ్చింది. ఇసుక ఎక్కడ పేరుకుంటున్నదో పైనుంచి కనబడదు. ఆ కాలంలో లోతు తెలియాలంటే గుండూ తాడే దిక్కు.

లోతు వందల బారలు దాటితే ఈ పద్ధతి మొరాయిస్తుంది. 1875 మార్చి 23న పసిఫిక్ మహాసముద్రంలో ఛాలెంజర్ ఓడ 4,475 బారల లోతు కొలిచింది. అది జనపనార తాడు వాడిన ఓడ. లావు తాడును నీరు గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల గుండు అడుగుకు తాకిన సంగతి పైన చేయిపెట్టి చూసినా స్పష్టంగా తెలియదు. అంతకు మూడేళ్ళ ముందే, 1872లో, విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్ అయినవాడు) పియానో తీగతో బిస్కే అఖాతంలో 2,700 బారల లోతు కొలిచి చూపాడు. తీగ సన్నన, కనుక నీటి నిరోధం తక్కువ. గుండు బరువు పెంచడానికి బదులు తాడు లావు తగ్గించాడు. నా దృష్టిలో ఈ కథ అంతటిలోకీ తెలివైన ఆలోచన ఇదే.

అమెరికా పెద్ద సరస్సుల్లో చేపలు పట్టేవారికి దీనికి పూర్తిగా భిన్నమైన చిక్కు వచ్చింది. అక్కడి సహజమైన ట్రౌట్ చేపలను, కాలువ దారిన చొరబడిన లాంప్రే అనే రక్తం పీల్చే జీవి దాదాపు తుడిచిపెట్టింది. తినేవి లేక ఏల్‌వైఫ్ అనే చిన్న చేపలు విపరీతంగా పెరిగి, 1967లో మిషిగన్ సరస్సు ఒడ్డున గుట్టలుగా చచ్చిపడ్డాయి. వాటిని అదుపు చేయడానికి హోవర్డ్ టానర్ అనే మత్స్యశాఖ అధికారి 1966లోనే పసిఫిక్ తీరపు కోహో సాల్మన్ పిల్లలను సరస్సులోకి వెళ్ళే ఏళ్ళలో వదిలించాడు. అవి బాగా పెరిగాయి. కానీ సాల్మన్‌కు చల్లని నీరు కావాలి. ఎండాకాలంలో సరస్సు పైపొర వేడెక్కుతుంది, దాని కింద ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొర ఉంటుంది. చేప ఆ పరిసరాల్లో తిరుగుతుంది. కదిలే పడవ వెనుక ఈడ్చే గేలం మాత్రం పైపైనే తేలుతుంది.

పరిష్కారం ఏమిటంటే, బరువును తాడు చివర కాక తాడు లోపలే పెట్టడం. సన్నని సీసపు తీగ చుట్టూ నైలాను వంటి నూలు గొట్టంలా అల్లుతారు. ప్రతి 10 గజాలకు, అంటే 9.1 మీటర్లకు, నూలు రంగు మారుతుంది. ఎన్ని రంగులు వదిలితే అంత లోతు. పాత ఓడల తాడు రంగులే మళ్ళీ వచ్చాయి చూశారా! వాలాయ్ చేపలు పట్టేవారు కూడా ఈ తాడే వాడతారు.

అమరిక ఇలా ఉంటుంది. పెద్ద చుట్టుగిలకకు ముందు సన్నని, గట్టి తాడు కొంత చుట్టి, దానికి సీసపు తాడు కలుపుతారు. ముడి వేసేచోట నూలు గొట్టాన్ని వెనక్కి నెట్టి, లోపలి సీసాన్ని కొన్ని అంగుళాలు తుంచేసి, ఖాళీ గొట్టాన్నే ముడి వేయాలి. లేకపోతే ముడి లావై, కడ్డీ మీది వలయాల్లో ఇరుక్కుంటుంది. అవతలి కొసకు చేపకు కనబడని పారదర్శక తాడు కొన్ని మీటర్లు కట్టి, దాని చివర ఎర బొమ్మ తగిలిస్తారు.

ఇప్పుడు కొంచెం భౌతికశాస్త్రం. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో ఒక రంగు సుమారు 5 అడుగులు దిగుతుందని జాలర్ల లెక్క. 30 అడుగుల తాడు 5 అడుగులు దిగిందంటే వాలు 10 డిగ్రీల లోపే! పది రంగులు వదిలినా, అంటే 91 మీటర్ల తాడు పోయినా, లోతు 15 మీటర్లే. ప్రతి ముక్కనూ దాని బరువు కిందికీ, నీటి తాకిడి పైకీ నెడుతుంటాయి. రెండూ సరితూగే కోణంలో తాడు దాదాపు తిన్నగా సాగుతుంది. తాకిడి వేగం వర్గాన్ని బట్టీ, వాలు కోణం సైన్ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైతే లోతు ఇంచుమించు సగమవుతుంది. పడవ మలుపు తిరిగినప్పుడు లోపలి వైపు తాడు వేగం తగ్గి కిందికి జారుతుంది, బయటి వైపుది పైకి లేస్తుంది. ఏ వైపు చేప తగిలిందో చూసి, ఏ లోతున చేపలున్నాయో జాలరి పసిగడతాడు.

ఇంత మంచి లోహంతో చిక్కు ఏమిటంటారా? అది విషం. పక్షులు గింజలు నూరుకోవడానికి కందనకాయలో చిన్న రాళ్ళు ఉంచుకుంటాయి. బ్రిటన్ నదుల్లో హంసలు రాళ్ళనుకుని జాలర్లు పారేసిన సీసపు గుళ్ళు మింగి చచ్చిపోయేవి. 1987లో అక్కడ 0.06 నుంచి 28.35 గ్రాముల మధ్య గుళ్ళను నిషేధించాక హంసల సంఖ్య మళ్ళీ పెరిగింది. కెనడా జాతీయ పార్కుల్లో 50 గ్రాముల లోపు సీసపు బరువులు 1997 నుంచి నిషిద్ధం.

మన విసురు వలల అంచుకూ సీసపు గుళ్ళే ఉంటాయి. వాటిని ఇంటి దగ్గర పోతపోయడం మన తీరంలోనే కాదు, చాలా దేశాల్లో ఉంది. దక్షిణ థాయ్‌లాండ్ తీరంలో ఇలాంటి ఇళ్ళ పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు పరిశీలనల్లో తేలింది. శరీరం సీసాన్ని కాల్షియం అని భ్రమపడి ఎముకల్లో దాచుకుంటుంది. పిల్లల మెదడుకు హాని చేయని సీసం మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గరిటె, పొయ్యి వంటింటివే అయితే సీసపు ధూళి అన్నం దాకా వస్తుంది. గుళ్ళను పళ్ళతో నొక్కి తాడుకు బిగించే అలవాటు మరీ చెడ్డది.

పెద్ద సరస్సుల జాలర్లలో కొందరు ఇప్పుడు రాగి తీగ వాడుతున్నారు. రాగి సాంద్రత 9 లోపే, సీసం కన్నా తక్కువ. అయినా సీసపు తాడు కన్నా అది ఎక్కువ లోతుకే దిగుతుంది. తేలికైన నూలు తొడుగు దానికి లేదు, తీగంతా లోహమే కావడం వల్ల. మెలికపడితే మాత్రం విరుగుతుంది, రంగులూ ఉండవు.