చాటింపు మనది, ప్లాను వాళ్ళది: నెల్లూరు తీరంలో ‘ప్రజాభిప్రాయం’ కథ

2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో ఒక చిన్న నిబంధన ఉంది. పత్రికలు చేరని చోట ప్రజాభిప్రాయ సేకరణ సభ సంగతి డప్పు కొట్టించి అయినా చెప్పాలట. డప్పు ఎవరు కొడతారో నెల్లూరు జిల్లాలో ఎవరికీ వివరించక్కర్లేదు. అరుంధతీయవాడ నుంచి వచ్చిన మనిషి ఊరంతా తిరిగి సభ ఉందని చాటాలి. సభలో మైకు అతని దాకా వస్తుందా రాదా అన్నది వేరే సంగతి. అదే నోటిఫికేషన్‌లో ఇంకో మాట కూడా ఉంది. సభ మొదలుపెట్టడానికి కోరం అక్కర్లేదు. పంచాయతీ సమావేశానికి కోరం కావాలి గానీ, ఊరి బతుకే మారిపోయే సభకి మాత్రం అవసరం లేదు!

ఈ తీరం మీద ఇప్పుడు ప్లాన్లకి కొదవ లేదు. 2017లో నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా) వచ్చింది. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌కి జపాన్ సంస్థ జైకా అధ్యయనం చేసి కృష్ణపట్నాన్ని ఒక నోడ్‌గా చూపించింది. 2020 డిసెంబరులో కేంద్రం దాన్ని ఆమోదించింది, 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. 10,500 కోట్ల పెట్టుబడి, లక్ష ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వ అంచనా. ఇలాంటి ప్లాన్లన్నిటిలోనూ ‘సుస్థిర అభివృద్ధి’, ‘ప్రజల భాగస్వామ్యం’ అనే మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఆ ‘ప్రజలు’ ఎవరు? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన పట్టణ ప్రణాళికకి మూలం 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం. పురపాలక సంఘం తనే స్కీము తయారుచేయొచ్చు, లేదా స్థల యజమానులు ప్రతిపాదించిన స్కీముని ఆమోదించొచ్చు. యజమానులు అన్న ఆ మాట దగ్గర ఆగండి. ఆ కాలంలో నెల్లూరులో స్థలం ఎవరి పేరు మీద ఉంది? మాల మాదిగలకి, యానాదులకి, ఎరుకలకి పట్టా అంటే తెలియదు. పోరంబోకులో, కాలవ గట్టున, శ్మశానం పక్కన ఉన్నవాడు నివాసి కాదు, ఆక్రమణదారు. ఆంధ్ర ప్రాంతంలో ఆ చట్టం పేరు మార్చుకుని దశాబ్దాల పాటు అలాగే నడిచింది. ముసాయిదా ప్రచురిస్తారు, అభ్యంతరాలు చెప్పుకోమంటారు. మ్యాపులో మన వాడకి రంగు కూడా వేయకపోతే దేని మీద అభ్యంతరం చెప్పాలి?

నెల్లూరు 1866 నుంచి మునిసిపాలిటీ, 2004 నుంచి కార్పొరేషన్. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నది ఒడ్డునున్న భగత్‌సింగ్ కాలనీలోకి నీళ్ళొచ్చాయి. అక్కడ ఎందుకు ఇళ్ళు కట్టుకున్నారని అడిగేవాళ్ళు చాలామంది. పట్టణానికి కూలి, పారిశుధ్యం, బేల్దారి పని, ఇంటిపని కావాలి. ఆ పని చేసేవాళ్ళు రాత్రి పడుకునే జాగా ఏ ప్లానులో చూపించారని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు.

అయితే పేదల కోసం ప్లాను వేసి కట్టిన ఊళ్ళు ఈ తీరంలో అసలు లేవా అంటే, ఉన్నాయి. కావలి, బిట్రగుంట, కప్పరాళ్ళతిప్ప. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వంటి జాతుల్ని పెట్టిన సెటిల్‌మెంట్లవి. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా కదలకూడదు. ఆ చట్టం రద్దయ్యేదాకా ‘నివాసి’ అంటే అక్కడ కాపలాలో ఉన్న మనిషే. తర్వాత శ్రీహరికోట. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నాక యానాదులు అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ అనే మాటే అప్పటికి చట్టంలో లేదు. సముద్రపు ఒడ్డున కొండ కనపడని చోట కూడా యానాదుల ఇళ్ళని ‘గిరిజన కాలనీ’ అనే రాస్తారు మన ఆఫీసుల్లో! వాళ్ళెవరో తెలుసుకోకుండానే బోర్డు రాసేశారు.

1990లలో రొయ్యల చెరువులు వచ్చాయి. 1996 డిసెంబరు 11న జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో మన జిల్లా కుర్రు గ్రామం పేరు ఉంది. చెరువుల వల్ల అక్కడి 600 మంది మత్స్యకారులకి తాగునీళ్ళు లేకుండా పోయాయి, జనం ఆందోళన చేశాక ట్యాంకర్లు పంపారు. తీర ప్రాంత నియంత్రణ పరిధిలోని చెరువుల్ని తొలగించమని కోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకి మళ్ళీ దారి తెరిచింది. కోర్టు దాకా చేరిన నివాసుల మాటకి తొమ్మిదేళ్ళ ఆయుష్షు.

ఇక దూబగుంట. అది తీరంలో లేదు, మెట్టలో కలిగిరి మండలం ఊరు. కానీ ఈ జిల్లాలో నివాసులు ప్రభుత్వ ప్రణాళికలో నిజంగా వేలు పెట్టిన ఘట్టం అక్కడే మొదలైంది. 1991లో అక్షరదీపం కింద రాత్రి బడులకి దళిత, బీసీ ఆడవాళ్ళు వచ్చారు. అక్షరాలతో పాటు కూలి డబ్బులు ఎటు పోతున్నాయన్న లెక్క కూడా అక్కడ తేలింది. సారా కొట్టు మూయించారు. ఆ కథే పాఠమై ఇతర ఊళ్ళ బడులకి చేరింది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు నెల్లూరుకి తరలివచ్చి అడ్డుకున్నారు, పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. సారా వేలం అంటే ఏమిటి? రాష్ట్ర బడ్జెట్‌కి ఆదాయ మార్గం, హైదరాబాదులో వేసిన లెక్క. దాన్ని పట్టా లేనివాళ్ళు, పిలవనివాళ్ళు తిరగరాశారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారనుకోండి, ఆ గొడవ వేరు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రేలో 1989 నుంచి జనం నగర బడ్జెట్‌ని చర్చించారని మన సెమినార్లలో గొప్పగా చెప్తారు. మంచిదే. దూబగుంట ఆడవాళ్ళు చేసింది దానికి తీసిపోయిందా? వాళ్ళని మనం ‘మద్యనిషేధ ఉద్యమం’ అనే గదిలో పెట్టి తలుపేశాం.

‘స్థానికులు’ అనే మాటని నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని పొగిడేవాళ్ళని నిలదీసింది ఇందుకే. ఊరిలో పెద్దకులాల మాటే ఊరి మాటగా చెలామణి అవుతుంది. పోర్టు కోసం, థర్మల్ కోసం భూములడిగినప్పుడు పట్టాదారు నష్టపరిహారం గురించి మాట్లాడతాడు. కౌలుదారు, పీతలు పట్టే యానాది, ఉప్పుకొఠారు కూలీ ఏం మాట్లాడాలి? వాళ్ళకి పోయేది పని, దానికి సర్వే నంబరు లేదు. నేలటూరులో 1,600 మెగావాట్లతో మొదలైన బొగ్గు విద్యుత్ కేంద్రానికి 1960లో ముఖ్యమంత్రి అయిన దళితుడు దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 2022లో మూడో యూనిట్ కూడా వచ్చింది. పేరు మనదే. బూడిద చెరువు ఎటు వైపు ఉండాలన్న మాట ఎవరిని అడగాలో ఆ పేరు చెప్పదు.

చట్టంలో దారి లేదని కాదు. 74వ సవరణ 1993 జూన్ నుంచి అమల్లో ఉంది. మూడు లక్షల జనాభా దాటిన పట్టణానికి వార్డు కమిటీలు ఉండాలంది. జిల్లా ప్రణాళికా కమిటీలో అయిదింట నాలుగు వంతులమంది పంచాయతీల, మునిసిపాలిటీల నుంచి ఎన్నికైనవాళ్ళే కావాలంది. ఆ సభల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లున్నాయి. పట్టణాభివృద్ధి సంస్థకి మాత్రం ఛైర్మన్ని ప్రభుత్వమే నియమిస్తుంది. మాస్టర్ ప్లాన్ తయారయ్యేది ఎన్నికైన సభలో కాదు, ఈ సంస్థలో. పారిశ్రామిక పార్కుల సంగతి ఇంకో రకం. పార్కుకి ఒకసారి పర్యావరణ అనుమతి వచ్చిందంటే, లోపల పెట్టే ఫ్యాక్టరీలకి విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2006 నోటిఫికేషనే మినహాయించింది. అంటే జనాన్ని అడిగేది ఒక్కసారి, అదీ మొదట్లోనే, ఏ ఫ్యాక్టరీ వస్తుందో తెలియనప్పుడు.

అందుకే ఆ ఒక్క సభకి వెళ్ళేవాళ్ళకి ఒక సంగతి. ప్రాజెక్టు సారాంశం తెలుగులో ఇవ్వాలి, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ చివర జరిగినదంతా తెలుగులో చదివి వినిపించి, అదే రోజు కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి సంతకం చేయాలి. చదివే వేళకి పొద్దుగూకుతుంది, బస్సు టైమవుతుంది, కూలోళ్ళు లేచి వెళ్ళిపోతారు. ఆ కాగితంలో అరుంధతీయవాడ వాళ్ళు, యానాదులు చెప్పిన మాట ఎక్కిందా లేదా అని చూసుకోవడానికి ఒక్కరైనా అక్కడ కూచుని ఉండాలి.