గింతీలోకి రాని సామయీన్



రేడియో వినేవాళ్లను ఎవరు, ఎలా లెక్కపెడతారని మన ఇళ్లలో ఎవరూ అడగరు. కానీ ఏ ప్రోగ్రాం బతకాలో, ఏది బంద్ కావాలో ఫైసలా చేయడంలో ఆ గింతీకి పెద్ద హిస్సా ఉంటుంది. అందుకే దాని చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

మొదట్లో గింతీ అంటే ఖత్‌లే. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు ఆగిపోయాయి. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో అక్కడ అమీన్ సయానీ సాబ్ 'బినాకా గీత్‌మాలా' మొదలుపెట్టారు. శ్రోతల ఖత్‌లు వేలల్లో వచ్చిపడ్డాయి. ఆకాశవాణి దారికి రావడానికి ఐదేళ్లు పట్టింది. 1957 అక్టోబర్ 3న వివిధ్ భారతి వచ్చింది.

అయితే ఖత్‌ల గింతీలో ఒక ఐబ్ ఉంది. రాసేవాడే లెక్కలోకి వస్తాడు. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు, అభ్రకం గనుల ఊరు, ఫర్మాయిష్‌లు పంపీ పంపీ దేశమంతా మష్హూర్ అయింది. మరి మన బత్తలపల్లె? వానలేని చేలల్లో శనక్కాయలు పెరికిన దాదీలు, నానీలు కూడా పాటలు విన్నారు, ఖవ్వాలీలు విన్నారు. ఖత్ రాసే చదువు వాళ్లకు లేదు. వాళ్లు విన్నది ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు.

ఆ తర్వాత డైరీలు వచ్చాయి. 2007లో టామ్ సంస్థ మన దేశంలో 'ర్యామ్' పేరుతో రేడియో రేటింగులు మొదలుపెట్టింది. ఎంపిక చేసినవాళ్లు ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో డైరీలో రాయాలి. ముందు ఢిల్లీ, ముంబై, బెంగళూరు, తర్వాత కోల్‌కతా. అన్నీ పెద్ద షహర్లే. హైదరాబాదుకే జాగా లేనప్పుడు అనంతపురం కరువు సీమను అడిగేదెవరు?

డైరీ తీసేసి మీటర్ పెడితే ఇన్సాఫ్ జరుగుతుందా? అమెరికాలో అదీ చూశారు. ఆర్బిట్రాన్ అనే కంపెనీ జేబులో పెట్టుకునే చిన్న మీటర్ తెచ్చింది. చెవికి వినపడని సంకేతాన్ని పట్టుకుని, మనిషి దగ్గర ఏ స్టేషన్ మోగుతోందో అదే రాసుకుంటుంది. దాంతో నల్లజాతి వాళ్ల, స్పానిష్ వాళ్ల స్టేషన్ల రేటింగులు దబ్బున పడిపోయాయి. 2008 అక్టోబర్‌లో న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కేసు వేశారు. మీటర్లిచ్చిన మనుషుల్లో ఈ ఖౌమ్‌ల వాళ్లు సరిపడా లేరని, సెల్‌ఫోన్ మాత్రమే ఉన్న ఇళ్లు తక్కువని వాళ్ల దావా. 2009 జనవరిలో రాజీ కుదిరింది, ఎంపిక పద్ధతి మారుస్తామని కంపెనీ ఒప్పుకుంది.

కంపెనీ మాటలోనూ కొంత దమ్ముంది. డైరీలో మనిషి విన్నది కాక ఇష్టమైనది రాస్తాడు. మీటర్‌కు మొహబ్బత్ తెలియదు. కానీ మీటర్ ఎవరి జేబులో ఉందన్నదే అసలు సవాల్. ఉదాహరణకు 500 మందిలో మనవాళ్లు 50 మంది అనుకోండి. అందులో పడుచువాళ్లు ఎనిమిది మంది. ఇద్దరు మీటర్ ఇంట్లో మరిచిపోతే మన నౌజవాన్లలో పావు వంతు మాయం. పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్లకు ఇద్దరు తగ్గినా ఏమీ కాదు.

మనకు ఇంకో ముష్కిల్ ఉంది. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. పొద్దున తెలుగు వార్తలు వింటాను, రాత్రి హైదరాబాద్ స్టేషన్ 'నైరంగ్' కోసం చెవి పెడతాను. ఇంట్లో మాట్లాడేది దక్కనీ. ఫారంలో 'మీ భాష' అని ఒక్క గడే ఉంటే ఏం రాయాలి? తెలుగు అంటే ఉర్దూ శ్రోత ఒకడు తగ్గాడు, ఉర్దూ అంటే తెలుగు శ్రోత తగ్గాడు. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాష చేశారు, సంతోషం. కానీ వినేవాళ్లు లెక్కలో కనపడకపోతే అరగంట ఉర్దూ ప్రోగ్రాంను కాపాడే వకీలు ఎవరు?

నా అర్జీ ఇంతే. రేటింగ్ చూపించిన ప్రతిసారీ మూడు సంగతులు అడగండి. ఎంతమందిని అడిగారు? అందులో మనవాళ్లు ఎందరు? ఏ భాషలో అడిగారు? సర్వే వాళ్లు గడప దాకా వస్తే "మాకెందుకులే బాబూ" అని పంపించకండి. అబ్బా ఒక్కరే జవాబు చెప్పకుండా, వంటింట్లో వినే అమ్మీని, ఆపాను కూడా పిలవండి. వాళ్లు ఏం వింటారో వాళ్లనే చెప్పనివ్వండి.