గోదావరి డెల్టా తీర మార్పులు

గోదావరి డెల్టా తీర మార్పులు అనగా గోదావరి నది బంగాళాఖాతంలో కలిసే ప్రాంతంలో నేల పెరగడం, తరగడం, నదీపాయలు దారి మార్చుకోవడం వంటి పరిణామాలు. ఇవి వేల సంవత్సరాలుగా సాగుతున్నాయి. నది తెచ్చే ఒండ్రుమట్టి నేలను సముద్రంలోకి పెంచుతుంది. అలలు, ప్రవాహాలు, తుఫానులు దానిని కోసివేస్తాయి. ఈ రెండింటిలో ఏది బలంగా ఉంటే తీరరేఖ ఆ వైపుకు జరుగుతుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో అత్యంత సారవంతమైన భూములు ఈ ప్రక్రియ వల్లనే ఏర్పడ్డాయి. రేవు పట్టణాల పుట్టుక, పతనం కూడా దీనితో ముడిపడి ఉన్నాయి.

భౌగోళిక స్వరూపం

మహారాష్ట్రలో నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. పాపికొండలను దాటి రాజమహేంద్రవరం చేరిన తరువాత, ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. గౌతమి యానాం మీదుగా, వసిష్ఠ నరసాపురం మీదుగా అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తాయి. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ ఓడలరేవు సమీపంలో సాగరంలో కలుస్తుంది. గౌతమి, వసిష్ఠల మధ్య ప్రాంతమే కోనసీమ.

సంప్రదాయంలో గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని చెబుతారు. సప్తర్షుల పేర్లతో ముడిపడిన ఈ పాయలన్నీ నేడు పెద్ద ప్రవాహాలుగా లేవు. తుల్యభాగ వంటివి ప్రస్తుతం మురుగుకాలువలుగా మిగిలాయి.

డెల్టా ఏర్పడిన విధం

చివరి మంచుయుగం ముగిసిన తరువాత మంచు కరిగి సముద్రమట్టం పెరిగింది. సుమారు 6,000 - 7,000 సంవత్సరాల క్రితం ఆ పెరుగుదల నెమ్మదించడంతో, నది తెచ్చిన ఒండ్రు తీరంలో నిలిచి నేటి డెల్టా రూపుదిద్దుకున్నది.

ఈ పెరుగుదలకు ఆనవాళ్ళు నేటికీ నేలమీద కనిపిస్తాయి. తీరానికి అనేక కిలోమీటర్ల లోపల, తీరానికి ఇంచుమించు సమాంతరంగా, ఇసుక మెరకల వరుసలు ఉన్నాయి. ఇవి ఒకప్పటి సముద్రతీరాలు. ఒక్కొక్క వరుస, సముద్రం ఆ చోట కొంతకాలం నిలిచి వెనుకకు జరిగిందని తెలుపుతుంది. మెరకలమీద ఊళ్ళు, తోటలు, రహదారులు వెలిశాయి. వాటి నడుమ పల్లపు నేలల్లో వరి పండుతుంది. సముద్రానికి దగ్గరగా ఉప్పు తేలిన పర్ర భూములు, మడ అడవులు ఉంటాయి.

నది లోపల ఏర్పడే దీవులను లంకలు అంటారు. లంకల గన్నవరం వంటి ఊరి పేర్లలో ఈ మాట నిలిచి ఉన్నది. వరదల్లో ఒక ఒడ్డున కోసుకుపోయిన నేల మరొక చోట మేట వేస్తుంది. అందువల్ల లంక భూముల విస్తీర్ణం, హద్దులు మారుతుంటాయి. ఒక తరం సాగు చేసిన భూమి తరువాతి తరానికి మిగలకపోవచ్చు.

రేవుల ఉత్థాన పతనాలు

17వ, 18వ శతాబ్దాలలో ఐరోపా వర్తకులు ఈ డెల్టాలోని పాయల ఒడ్డున స్థావరాలు ఏర్పరచుకున్నారు. నరసాపురం వద్ద గల మాధవాయపాలెం నుండి ఎగుమతి అయిన నూలు వస్త్రానికి ఆ ఊరి పేరే స్థిరపడి, మడపోలం అనే పదంగా ఆంగ్ల నిఘంటువులకు ఎక్కింది.

గౌతమికి ఉత్తరాన ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన రేవు. బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన తుఫానుల ఉప్పెనలు కోరంగిని ముంచివేసి వేలాది మందిని బలిగొన్నాయి. తుఫానుకు ఆంగ్లంలో వాడే సైక్లోన్ అనే పదాన్ని 1840లలో ప్రతిపాదించిన హెన్రీ పిడింగ్టన్ తన పరిశీలనలో 1789 నాటి కోరంగి ఉప్పెనను కూడా ప్రస్తావించాడు.

అయితే కోరంగి క్షీణతకు ఉప్పెనలొక్కటే కారణం కాదు. నది తెచ్చిన ఒండ్రు పేరుకొని రేవు పూడిపోయింది, పెద్ద ఓడలు రాలేకపోయాయి. వర్తకం క్రమంగా కాకినాడకు తరలింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861-65) ప్రత్తి ఎగుమతులతో కాకినాడ మరింత ఎదిగింది. గౌతమి ముఖద్వారం నుండి ఉత్తరంగా పెరిగిన ఇసుక దిబ్బ, దాని కొనన ఉన్న హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అలల తాకిడి తగలకుండా అడ్డు నిలిచాయి. కోరంగి రేవును పూడ్చిన నది, కాకినాడ రేవుకు ఈ రక్షణను కల్పించింది.

ఆనకట్ట

1832-33 నాటి కరువు, దాని వెంట వచ్చిన తుఫానులు, వరదల వల్ల గోదావరి జిల్లా బాగా దెబ్బతిన్నది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించబడింది. దాని కాలువల వల్ల డెల్టా ధాన్యాగారంగా మారింది. పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి కాటన్ పేరు పెట్టారు.

కాలువలు వచ్చినంత మాత్రాన నది స్వభావం మారలేదు. 1986 ఆగష్టు వరదలో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 1996 నవంబరు 6న తీరం దాటిన తుఫానులో వెయ్యి మందికి పైగా మరణించారు. కోనసీమలో కొబ్బరి తోటలు పెద్దయెత్తున నేలకూలాయి.

తగ్గుతున్న ఒండ్రు

20వ శతాబ్దంలో గోదావరి మీద, దాని ఉపనదుల మీద అనేక జలాశయాలు నిర్మించబడ్డాయి. మంజీరపై నిజాంసాగర్ (1931), గోదావరిపై జాయక్‌వాడి (1976), శ్రీరాంసాగర్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి నీటితోపాటు ఒండ్రును కూడా నిలిపివేస్తాయి. 1970వ దశకంలో నది ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 1990వ దశకం నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది.

డెల్టా నేల సహజంగానే తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది. ఏటా చేరే కొత్త ఒండ్రు ఆ లోటును పూడుస్తుంది. ఒండ్రు తగ్గినప్పుడు, సముద్రమట్టం కూడా పెరుగుతున్నప్పుడు, నేల వెనుకంజ వేయక తప్పదు. వేసవిలో పాయలలో మంచినీరు తగ్గడం వల్ల ఉప్పునీరు నది లోపలికి చొచ్చుకువస్తుంది. అనేక గ్రామాలలో వరి పొలాలు రొయ్యల చెరువులుగా మారాయి.

ఉప్పాడ తీరం

డెల్టాకు ఉత్తరాన, కాకినాడ దాటిన తరువాత ఉన్న ఉప్పాడ, జాందానీ చీరల నేతకు ప్రసిద్ధి. ఇక్కడి తీరం దశాబ్దాలుగా కోతకు గురవుతున్నది. ఇళ్ళు, ఆలయాలు, కొబ్బరి తోటలు సముద్రంలో కలిసిపోయాయి. ఈ తీరంలో ఇసుక ప్రధానంగా దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. కాకినాడ వద్ద పెరిగిన ఇసుక దిబ్బ, రేవు కట్టడాలు ఆ ఇసుకను అడ్డుకోవడం కోతకు ఒక కారణంగా చెబుతారు. రక్షణ కోసం రాతికట్టలు, ఇసుక నింపిన గొట్టపు సంచుల గోడ నిర్మించినా, తుఫానులలో అవి దెబ్బతిన్నాయి. కాకినాడ - ఉప్పాడ రహదారి పలుమార్లు తెగిపోయింది. ఇల్లు కోల్పోయిన మత్స్యకారులు కొంత వెనుకకు జరిగి మరల ఇల్లు కట్టుకొనడం, కొన్నేళ్ళకు అదీ అలల అంచుకు రావడం ఇక్కడ సాధారణమైనది.

మడ అడవులు

గౌతమి ముఖద్వారం వద్ద గల మడ అడవులు ఒండ్రును పట్టి నిలుపుతాయి, ఉప్పెన వేగాన్ని తగ్గిస్తాయి, చేపలకు, రొయ్యలకు, పీతలకు ఆవాసమవుతాయి. ఇవి ఉన్న ప్రాంతాన్ని 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు ఓడలు తయారైన కోరంగి పరిసరాలు నేడు ఈ అడవి వలననే ప్రసిద్ధి పొందాయి. అయితే మడ చెట్లకు కూడా ఒండ్రు, మంచినీరు అవసరం. అందుచేత ఈ తీరం భవిష్యత్తు అలలపైనే కాక, ఎగువన నదిలో ఎంత నీరు, ఎంత మట్టి వదలబడుతుందనే దానిపై కూడా ఆధారపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

గోదావరి
కోనసీమ
కోరంగి
ధవళేశ్వరం ఆనకట్ట
ఉప్పాడ