మౌనం వీడిన మాడ్యూల్

విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌లో సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ తెరిచి వెతికితే విన్.ఐఎన్‌ఐ అనే చిన్న ఫైలు కనిపిస్తుంది. మొదటి వరుసలో ఒక సెమికోలన్, దాని పక్కన ‘16 బిట్ ప్రోగ్రాముల కోసం’ అనే అర్థం వచ్చే మాట. ఆ కింద చదరపు బ్రాకెట్లలో నాలుగైదు శీర్షికలు. 1985 నవంబరులో విండోస్ 1.0తో పాటు వచ్చిన ఫైలు పేరే అది. చదరపు బ్రాకెట్లలో సెక్షన్ పేరు, దాని కింద వరుసకొకటి చొప్పున సెట్టింగు పేరు, సమాన గుర్తు, విలువ. ఈ పద్ధతి ప్రపంచానికి అలవాటైంది ఆ ఫైలు వల్లే.

1992లో విండోస్ 3.1 రిజిస్ట్రీని తెచ్చింది, విండోస్ 95 సెట్టింగులు దాచడానికి దాన్నే ప్రధాన స్థానంలో కూర్చోబెట్టింది. అయినా ఐఎన్‌ఐ పద్ధతి పోలేదు. పీహెచ్‌పీ, గిట్, లినక్స్‌లోని సిస్టమ్‌డీ ఇప్పటికీ దాదాపు ఆ రూపాన్నే వాడుతున్నాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, చదివి, ఒక్క మాట మార్చి మూసెయ్యవచ్చు. ఆ సుఖం ముందు మిగతావన్నీ దిగదుడుపే.

పైథాన్ భాషలో ఇలాంటి ఫైళ్లను చదివి, రాసే మాడ్యూల్ పేరు కాన్ఫిగ్‌పార్సర్. అధికారిక పత్రాల్లో దీని రచయితలుగా కెన్ మన్‌హైమర్, బారీ వార్సా, ఎరిక్ రేమండ్ పేర్లు ఉన్నాయి. 1990ల చివర్లో పుట్టిన ఈ మాడ్యూల్‌కు విండోస్ ఒక్కటే పుట్టిల్లు కాదు. 1982 ఆగస్టులో ఈ-మెయిల్ రూపురేఖలను నిర్ణయించిన ఆర్‌ఎఫ్‌సీ 822 పత్రం మరొకటి. పేరు తర్వాత సమాన గుర్తుకు బదులు కోలన్ పెట్టినా చెల్లడం, కొంచెం జరిపి రాసిన వరుసను పై వరుసకు కొనసాగింపుగా తీసుకోవడం ఆ ఉత్తరాల సంప్రదాయం నుంచి వచ్చినవే.

పాత మాడ్యూల్‌కు పెద్ద జబ్బు ఏమిటంటే, తప్పు జరిగినా నోరు విప్పేది కాదు. పుస్తకాల జాబితా కోసం సెట్టింగుల ఫైల్లో ఇలా రాశామనుకోండి:

[పుస్తకం]
శీర్షిక = నాన్న ; ఒక జ్ఞాపకం

పైథాన్ 2 కాలంలో దీన్ని చదివిస్తే చేతికొచ్చేది ‘నాన్న’ ఒక్కటే. ఖాళీ తర్వాత సెమికోలన్ కనిపిస్తే అక్కడి నుంచి అంతా కామెంట్ అని మాడ్యూల్ అనుకునేది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. సగం శీర్షిక అచ్చుకు వెళ్లిపోయాక గానీ తెలిసేది కాదు. అలాగే ఒకే సెక్షన్‌లో ఒకే పేరు రెండుసార్లు వస్తే రెండోది మొదటిదాన్ని గుట్టుచప్పుడు కాకుండా మింగేసేది. ఫైలు పొడవుగా ఉండి, ఇద్దరు ముగ్గురు దిద్దేదైతే ఈ తప్పును పట్టుకోవడం గడ్డివాములో సూదిని వెతకడమే.

2003లో పైథాన్ 2.3 ఈ మాడ్యూల్‌లోని మరో లోపానికి మందు వేసింది. ఒక విలువలో మరో విలువను ఇమిడ్చే సౌకర్యం ఇందులో ఉంది. శాతం గుర్తు, బ్రాకెట్లలో పేరు, చివర ‘ఎస్’ రాస్తే ఆ పేరు గల విలువ అక్కడికి వచ్చి చేరుతుంది. ఈ పని మరింత పద్ధతిగా జరగడానికి సేఫ్‌కాన్ఫిగ్‌పార్సర్ అనే కొత్త క్లాసు, అలా ఇమిడ్చడం అక్కర్లేని వారికి రాకాన్ఫిగ్‌పార్సర్ వచ్చాయి. మాడ్యూల్ పేరే ఉన్న పాత క్లాసు మాత్రం అలాగే ఉంది. ఒకదానికి ‘సేఫ్’ అని పేరు పెట్టామంటే పక్కనున్నది సేఫ్ కాదని ఒప్పుకున్నట్టే కదా. కొత్తగా నేర్చుకునేవాడు అందరికంటే ముందు పట్టుకునేది ఆ పక్కనున్నదాన్నే. అందుకే అది సగం మందే అంటాను.

అసలు మరమ్మతు పోలండ్‌కు చెందిన ఊకాష్ లాంగా చేతుల మీదుగా జరిగింది. 2011 ఫిబ్రవరి 20న విడుదలైన పైథాన్ 3.2లో ఆయన చేసిన మార్పులున్నాయి. పాత క్లాసును తీసేసి, సేఫ్ క్లాసుకే అసలు పేరు ఇచ్చారు. అంటే ఏమీ ఆలోచించకుండా వాడేవారికి కూడా మంచిదే దక్కుతుంది. వరుస మధ్యలో కామెంట్లు డీఫాల్ట్‌గా ఆగిపోయాయి కాబట్టి పై శీర్షిక ఇప్పుడు పూర్తిగా చేతికొస్తుంది. ఒకే ఫైల్లో ఒకే పేరు రెండుసార్లు వస్తే ఎర్రర్ వస్తుంది, ఎన్నో వరుసలో ఉందో కూడా చెబుతుంది. డిక్షనరీలో వెతుక్కున్నట్టు సెక్షన్ పేరు, సెట్టింగు పేరు చెప్పి విలువ తీసుకోవచ్చు. కొత్త హంగులు కూడా వచ్చాయి గానీ, నా దృష్టిలో ఈ మరమ్మతు గొప్పతనం తప్పును నలుగురికీ వినపడేలా చేయడంలో ఉంది.

ఇక ఓపిక సంగతి. సేఫ్ అనే పాత పేరును వెంటనే తీసేయలేదు, వాడినవారికి హెచ్చరిక మాత్రం ఇస్తూ వచ్చారు. దాన్ని పూర్తిగా తొలగించింది 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో. పన్నెండేళ్లు పైగా గడువిచ్చినా ఆ పేరును పట్టుకు వేలాడుతున్న కొన్ని ప్యాకేజీలు ఆ రోజు ఇన్‌స్టాల్ కాక మొరాయించాయి. తప్పు మాడ్యూల్‌ది అనలేం.

తెలుగులో పనిచేసేవారికి ఈ కథలో సొంత వాటా ఉంది. ఫైలు చదివే పద్ధతికి ఎన్‌కోడింగ్ చెప్పే వీలు 3.2లోనే చేరింది. విండోస్‌లో తెలుగు ఫైలు చదివించినప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పకపోతే అక్షరాలు చెదిరిపోతాయి లేదా ఎర్రర్ వస్తుంది, కాబట్టి ఈ చేర్పు మనకు చిన్నది కాదు. ఈ మాడ్యూల్ సెట్టింగుల పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చేస్తుంది. ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నవారు దీనితో తంటాలు పడుతుంటారు. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కాబట్టి ‘కాగితం’ అనే పేరు కాగితంగానే ఉంటుంది.

మరొక సంగతి. ఈ మాడ్యూల్‌కు ప్రతి విలువా అక్షరాల మాలే. ‘నో’ అని రాసిన విలువను మామూలు పద్ధతిలో నిజమా కాదా అని అడిగితే ‘నిజం’ అంటుంది, ఖాళీ కాని మాట ఏదైనా దానికి నిజమే మరి. అందుకే అవును, కాదు అనే జవాబులకు ప్రత్యేక పద్ధతి పెట్టారు. అది ఏ మాటను అవునుగా, ఏ మాటను కాదుగా తీసుకోవాలో చూసుకునే పట్టికను మనం మార్చుకోవచ్చు. అందులో మన ‘అవును’, ‘కాదు’ చేర్చి చూశాను. ‘ముద్రించు = కాదు’ అని రాస్తే మాడ్యూల్ మారు మాట్లాడకుండా కాదు అని అర్థం చేసుకుంది.

తీరని లోటు ఒకటి మిగిలే ఉంది. ప్రోగ్రాము ఫైలును చదివి, ఒక విలువ మార్చి తిరిగి రాస్తే మనం రాసుకున్న కామెంట్లన్నీ పోతాయి. ఎందుకు ఆ విలువ పెట్టామో చెప్పే మాటలే ఒక్కోసారి విలువ కంటే ముఖ్యం. కాబట్టి మీ సెట్టింగుల ఫైల్లో కామెంట్లు ఉంటే, ప్రోగ్రాముతో తిరిగి రాయించే ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.