ఒకే కాడికి రెండు కాలాలు

పొద్దు నడినెత్తికి రాకముందే కాళ్ళ కింద ఎర్రమట్టి కాలుతోంది. తాడిపత్రి పక్క ఒక ఊరు. పంట తీసేసిన చేనును చదును చేసి, నీళ్ళు చల్లి, ఈ కొసన ఒక సున్నపు గీత, ఆ కొసన ఒక సున్నపు గీత గీశారు. ఉగాది వెళ్ళిన వారం, బండలాగుడు పోటీ. మీరు జనాన్ని తోసుకుంటూ వచ్చి తాడు పట్టుకుని నిలబడ్డారు. వెనకెవరో మీ భుజం మీద చెయ్యి ఆనించి ముందుకు వంగాడు. ఎవరా అని మీరు చూడరు. అందరి కళ్ళూ ఆ జత మీదే.

ఒంగోలు గిత్తలు. మూపురాల మీద పసుపు, నుదుట కుంకుమ. ఊపిరి తీసినప్పుడల్లా గంగడోలు అలలా కదులుతోంది. కాడి నుంచి వచ్చిన గొలుసును బండకున్న ఇనుప కొక్కేనికి తగిలించారు. టన్ను దాటిన రాయి. ఈల పడింది.

మొదటి క్షణంలో ఏమీ జరగదు. చూడాల్సింది ఆ క్షణాన్నే. ఎనిమిది గిట్టలూ మట్టిలోకి దిగుతాయి. మెడలు వంగుతాయి. వెనక తొడల్లో కండ మోకులా మెలిపడుతుంది. బండ మాత్రం కదలదు. మీరు ఊపిరి బిగబట్టిన సంగతి మీకే తెలియదు. అప్పుడు రాతి కింద గరగరమని చప్పుడు. కదిలింది! ఒక్కసారిగా అరుపులు, ఈలలు, దుమ్ము. తోలేవాళ్ళు పక్కనే పరుగెత్తుతున్నారు. ఒకడు చెర్నాకోల పైకెత్తగానే జనంలోంచే ఒక గొంతు, "కొట్టొద్దురా, అవే లాగుతాండాయి!" అంది. ఎత్తిన చెయ్యి దిగింది.

గీత దగ్గర మలుపు. లోపలి ఎద్దు ఉన్నచోటే అడుగు మార్చుకోవాలి, బయటి ఎద్దు చుట్టూ నడిచి రావాలి, రెంటికీ మధ్య కాడి బిగుసుకోకూడదు. ఎంత బలమున్న జతైనా ఇక్కడ తడబడితే కాలం పోతుంది. గడువు ముగిసేలోగా బండ ఎన్ని అడుగులు జరిగిందన్నదే లెక్క. టేపు పట్టి కొలిచారు. మైకులో అడుగులు, ఆ వెంటనే అంగుళాలు. అంగుళాలు వినడానికి జనమంతా నిశ్శబ్దమైంది.

నీడ కోసం మీరు వేపచెట్టు కిందికి వచ్చారు. అక్కడ ఇంకో పోటీ నడుస్తోంది. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోను మీద తలలు ఆనించి పాత బాక్సింగ్ వీడియో చూస్తున్నారు. మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో తలపడితే ఎవరు గెలుస్తారు? ఒకడు టైసన్ దెబ్బకు ఓటేశాడు, ఇంకొకడు అలీ కాళ్ళకు. పక్కన గొంతుకూర్చున్న పెద్దాయన వేపపుల్లతో మట్టిలో ఇందాకటి అడుగుల లెక్క రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఏం తాతా, నువ్వు చెప్పు. ఇప్పుడు లాగిన జత గొప్పదా, మీ కాలం ఎద్దులు గొప్పవా?"

పుల్ల ఆగింది. "మా ఎద్దులు ఇంత ఎత్తు లేవప్పా," అన్నాడాయన. "మైసూరు పక్క ఎద్దులు. సన్నకొమ్ములు, సన్నకాళ్ళు. ఈ గిత్తల పక్కన నిలబెడితే దూడల్లా ఉంటాయి. కానీ అవి పొద్దున చేను దున్ని, సాయంత్రం బండ లాగినాయి. ఇవి లాగేదానికే పుట్టినాయి. కోడిగుడ్లు, పాలు పోసి సాకుతాండారు. తప్పంటలేదు. ఎట్ల పోలుస్తావు?"

ఈ ప్రశ్న ఈ చెట్టు కింద పుట్టింది కాదని మీకు గుర్తొస్తుంది. హెవీవెయిట్ బాక్సింగ్ చుట్టూ వందేళ్ళుగా ఇదే వాదం. 49 పోరాటాల్లో ఒక్కటీ ఓడకుండా 1956లో తప్పుకున్న రాకీ మార్సియానో 85 కిలోల చుట్టూ ఉండేవాడు. మన కాలపు టైసన్ ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాల మనిషి, 120 కిలోలు దాటి బరిలోకి దిగినవాడు. ఇప్పుడు 90.7 కిలోల లోపు వాళ్ళకు క్రూజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. ఓటమి ఎరగని ఆ చాంపియన్‌ను ఇవాళ తూకం వేస్తే హెవీవెయిట్ లెక్కలోకే రాడు. అలాగని ఈ కాలం వాళ్ళదే పైచేయి అందామా? 1915లో జాక్ జాన్సన్ హవానా ఎండలో జెస్ విల్లార్డ్‌తో 45 రౌండ్ల పోరుకు సిద్ధపడి, 26వ రౌండు దాకా నిలబడి పడిపోయాడు. ఇవాళ ప్రపంచ టైటిల్ పోరు 12 రౌండ్లే. మైసూరు ఎద్దు, ఒంగోలు గిత్త లెక్కే ఇదీ. కొలబద్ద మారిపోయాక కొలత ఎక్కడ పెడతాం?

"ఓర్పు వేరు, ఊపు వేరు నాయనా," అన్నాడు పెద్దాయన, మీ మనసులో మాట విన్నట్టే.

ఈ నేలకు ఓర్పంటే ఏమిటో తెలుసు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి, బంగాళాఖాతం వాన ఇక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అదీ అదను తప్పి. వాన తప్పితే సెనక్కాయ పోతుంది, సెనక్కాయతో పాటు పశువు తినే కట్టె పోతుంది. పెద్దాయన గొంతు తగ్గింది. ఒక కరువు ఏడు కట్టె వాము అడుగంటింది. గూటం దగ్గర ఎద్దులు ఆయన్నే చూస్తూ నిలబడేవట. సంతకు తోలుకుపోయాడు. "పలుపు చేతికిచ్చినాక వెనక్కి తిరిగి సూడలేదు," అన్నాడు. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో, పలుపు ఒరుసుకుని నల్లబడిన కాయ ఒకటి ఇంకా గట్టిగానే ఉంది. కుర్రాళ్ళు ఫోను జేబులో పెట్టేశారు.

ఇంతకుముందు ఆయన మాటల్ని పాత కాలం మీది బెంగ అనుకుని ఉంటారు మీరు. కాదు. ఆ ఎద్దులకు ఫొటో లేదు, అవి లాగిన అడుగులు ఏ పుస్తకంలోనూ లేవు. ఎవరో ఒకరు ఇవాళ్టి గిత్తల పక్కన వాటిని నిలబెడితేనే అవి మళ్ళీ నడుస్తాయి. గెలుపు ఎవరిదని కాదు, పోయినవాళ్ళను ఇంకొక్కసారి బరిలోకి పిలవడానికే మనం ఈ ప్రశ్న వేస్తాం.

అలీ, మార్సియానోల మధ్యా అదే జరిగింది. 1969లో మయామిలో ఒక స్టూడియోలో ఇద్దరినీ ఎదురెదురు నిలబెట్టారు. మార్సియానోకు 45 ఏళ్ళు. బరువు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. అలీకి 27. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు బరిలోంచి బహిష్కరించారు. పదులకొద్దీ చిన్న రౌండ్లు, రకరకాల ముగింపులు చిత్రీకరించారు. వివరాలన్నీ కంప్యూటరుకిచ్చి, అది చెప్పిన తీర్పంటూ 1970 జనవరిలో సినిమా హాళ్ళలో వేశారు. అమెరికాలో చూసినవాళ్ళకు మార్సియానో 13వ రౌండులో గెలిచాడు. ఐరోపాలో చూపించిన ముగింపులో అలీ గెలిచాడు. యంత్రం పేరుతో చెప్పినా ఆ ప్రశ్నకు ఒక్క జవాబు దొరకలేదు. కానీ ఆ చిత్రీకరణ రోజుల్లో ఇద్దరూ స్నేహితులయ్యారు. అది ముగిసిన కొద్ది వారాలకే, సినిమా విడుదలకు ముందే, 1969 ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. తన గెలుపునూ ఓటమినీ ఏ తెర మీదా చూసుకోలేదు.

మైకు మళ్ళీ మోగింది. ఇంకో జత కాడి కిందికి వస్తోంది. కుర్రాడు లేచి, ఆగలేక మళ్ళీ అడిగాడు. "సరే తాతా, మీ ఎద్దు, ఈ గిత్త ఎదురుపడితే ఎవరిది గెలుపు?"

పెద్దాయన నవ్వాడు. "ఎద్దులు ఎదురుపడి కొట్టుకునేటివి కాదు రా. పక్కపక్కన నిలబడేటివి."

వేపపుల్లతో మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు. అది కాడి. దాని ఎడమ కొసన ఒక చుక్క పెట్టాడు. "దాపట మాది. మలుపులో నిలబడేది తెలుసు దానికి." కుడి కొసన ఇంకో చుక్క. "వలపట ఈ పొద్దు లాగిన గిత్త. బలం దానిది." పుల్లతో బండను కూడా గీసి, కాడికీ దానికీ మధ్య గొలుసు కలిపాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఈల పడింది. జనం తాడు వైపు పరుగెత్తారు. మీరూ లేచారు, కానీ ఆ బొమ్మను తొక్కకుండా పక్కగా అడుగేశారు. వెనకాల కుర్రాళ్ళిద్దరూ అలాగే వేశారు.