తప్పిన విద్యార్థి - తెరచిన వాకిలి

పరీక్షా ఫలితములు వెలువడు దినములలో మన యిండ్లలో కొన్ని మాటలు వినవచ్చుచుండును. “పై తరగతికి పంపలేదట”, “హాజరు చాలలేదట”, “రస్టికేటు చేసిరట”. ఈ మూడింటిని మనము ఒకే అవమానముగా నెంచుదుము. కాని మొదటిది చదువును గూర్చినది. రెండవది కాలమును గూర్చినది. మూడవది నడవడిని గూర్చినది. విద్యార్థిని తరగతిలో నిలుపుట, కొంతకాలము వెలుపల నుంచుట, పూర్తిగా పంపివేయుట అను వానిని నిర్ణయించు నియమములు నేటివి కావు. అవి విద్యార్థిని వెలుపలికి పంపునప్పుడు మరలి వచ్చు దారిని కూడ చూపుచున్నవా, లేదా అన్నదే వాని మంచిచెడ్డలకు గీటురాయి.

రస్టికేషను అను మాటకు మూలము లాటిను భాషలోని ‘రూస్’ అను పదము. పల్లెపట్టు అని దాని యర్థము. తప్పు చేసిన విద్యార్థిని కొంతకాలము కళాశాల విడిచి పల్లెకు పొమ్మనుట ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల ఆచారము. శాశ్వతముగా వెడలగొట్టుట వేరు, ఇది వేరు. మహాకవి మిల్టను కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చదువుచు, 1626 ప్రాంతమున తన ఉపదేశకుడగు చాపెల్‌తో కలహించి, కొంతకాలము లండనులోని తన యింటికి పోవలసి వచ్చెను. అక్కడినుండి డియొడాటి అను మిత్రునకు లాటినులో పద్యలేఖ వ్రాసి, పుస్తకముల నడుమ, నాటకశాలలలో తాను సుఖముగనే యున్నట్లు తెలిపెను. మరలి వచ్చినప్పుడు కళాశాలవారు అతనిని వేరొక ఉపదేశకునకు అప్పగించిరి. 1629లో అతడు బి.ఎ. పట్టమును పొందెను. ఆ శిక్షకు గడువు కలదు; గడువు తీరినపిమ్మట వాకిలియు కలదు.

మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయము మాదిరిగా నేర్పడినవి. చదువు చెప్పుట కళాశాలల పని. పరీక్షించుట విశ్వవిద్యాలయపు పని. ఇట్టి యేర్పాటులో విద్యార్థి యెవరో విశ్వవిద్యాలయమునకు తెలియదు. దానికి తెలిసినవి అతని మార్కులు, అతని హాజరు పత్రము మాత్రమే. ఒక విషయమున ఎంతటి ప్రజ్ఞ యున్నను, మరియొక విషయమున తప్పినచో పరీక్ష యంతయు తప్పినట్లే.

ఈ నియమమునకు చిక్కినవారిలో శ్రీనివాస రామానుజన్ ఒకడు. 1904లో ఆతడు ఉపకారవేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఎ. తరగతిలో చేరెను. గణితము తప్ప మరి దేనియందును ఆతని మనస్సు నిలువలేదు. ఫలితముగా పై తరగతికి పంపరైరి; ఉపకారవేతనమును పోయినది. పదునేడేండ్ల యా బాలుడు 1905లో ఇంట చెప్పకుండ రైలెక్కి తెలుగుదేశము వైపు వచ్చి, విశాఖపట్టణము చేరెను. ఓడిన విద్యార్థికి కుంభకోణమున తల దాచుకొనుటకు చోటు లేకపోయినది కాబోలు!

కొంతకాలమునకు మరలిపోయి మరల కళాశాలలో చేరెను. కాని దేశము తిరిగిన దినముల వలన హాజరు చాలలేదు. హాజరు చాలనివానికి టరము సర్టిఫికెట్టు లేదు. 1906లో మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరెను. జబ్బుపడి ఇల్లు చేరెను. 1907లో ప్రైవేటుగా పరీక్షకు కూర్చుండి మరల తప్పెను. నియమము ననుసరించి చూచినచో ఇందు ఒక్కటియు అన్యాయము కాదు. కాని యెవరును ఆతనిని పిలిచి, “నాయనా, ఎక్కడ చిక్కుపడితివి?” అని యడుగవలెనని యే నియమమును చెప్పలేదు.

తరువాతి కథ లోకవిదితము. కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీ ఆతని ప్రతిభను గుర్తించెను. మద్రాసులో కొందరు పెద్దలు పట్టుబట్టిరి. పట్టము లేనివానికి పరిశోధక వేతనమిచ్చుటకు నియమము అడ్డు వచ్చినను, రెండుమార్లు తలుపు మూసిన యా మద్రాసు విశ్వవిద్యాలయమే 1913 మే నెల నుండి నెలకు 75 రూపాయల చొప్పున ఇచ్చెను. మూడు మాసముల కొకమారు చేసిన పనిని నివేదింపవలెననుటయే షరతు. 1916లో కేంబ్రిడ్జి వారు పరిశోధనకు గాను బి.ఎ. పట్టమిచ్చిరి. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1920లో, ముప్పదిమూడేండ్లు నిండకుండగనే మరణించెను.

అయితే ఈ వాకిలి పెద్దల లేఖల వలన తెరువబడినది. లేఖలు వ్రాయువారు లేని సామాన్య విద్యార్థి గతి యేమి? ఈ ప్రశ్నకు అమెరికా విశ్వవిద్యాలయములు ఇచ్చిన సమాధానమే ప్రొబేషను పద్ధతి. చాలచోట్ల నాలుగు పాయింట్ల కొలతపై సగటు రెండునకు తగ్గినచో విద్యార్థికి ముందుగా హెచ్చరిక చేయుదురు. అతడు తరగతిలోనే యుండును. పాఠ్యభారమును తగ్గించి, సలహాదారుని చూపి, గడువు నిత్తురు. గడువులోపల కోలుకొననిచో ఒకటి రెండు అర్ధసంవత్సరములు సస్పెన్షను. పిమ్మట మరల చేర్చుకొనుడని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ప్రొబేషను తప్పునకు విధించు శిక్ష కాదు. పడబోవువానికి చాచిన చేయి.

1959లో స్థాపితమైన కాన్పూరు ఐ.ఐ.టి.కి 1962 నుండి పదేండ్లు తొమ్మిది అమెరికా విద్యాసంస్థలు తోడ్పడినవి. గ్రేడులతో పాటు హెచ్చరిక, ప్రొబేషను అను మాటలు అక్కడి నియమావళిలో చోటు చేసికొన్నవి. మన హైదరాబాదు జె.ఎన్.టి.యు. నియమములలో నూటికి 75 హాజరు ఉండవలెను. తగిన కారణము చూపినచో 65 వరకు మన్నింపు కలదు. ఆ మన్నింపు రామానుజన్‌కు దొరకినచో! 2021లో నెలకొల్పిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వలన నడుమ చదువు విడిచినవాడు సంపాదించిన క్రెడిట్లు వ్యర్థము కాకుండ నిలుచును.

నియమములు వలదని యెవరును అనరు. పట్టమనునది విశ్వవిద్యాలయము లోకమునకు వ్రాసి యిచ్చిన హామీపత్రము; చదువనివానికి దానినిచ్చుట చదివినవానికి ద్రోహము. తప్పిన ప్రతివాడును రామానుజన్ కాడనుటయు నిజమే. కాని తప్పిన ప్రతివాడును ఎవరో ఒక తల్లి బిడ్డ. ఈ యేడు మన యింటికి “హాజరు చాలలేదు” అను పత్రము వచ్చినచో, బిడ్డను నిందించుటకు ముందు ఆ పత్రమును తుదవరకు చదువుదము. గడువెంత, మరలి చేరు దారి యేది అని కళాశాల నడుగుదము. ఆ దారి చూపించుకొన్నచో, విశాఖపట్టణము రైలెక్కవలసిన యవసరము మరియొక బిడ్డకు రాదు.