స్క్రీన్ రికార్డింగ్ క్రాపింగ్: కనిపించని భాగం చెరిగిపోయినట్టేనా?

ఆన్‌లైన్ పాఠాలు, సాఫ్ట్‌వేర్ శిక్షణ, డిజిటల్ చెల్లింపుల విధానాన్ని వివరించే వీడియోలలో స్క్రీన్ రికార్డింగ్ వినియోగం సర్వసాధారణమైంది. అయితే అవసరమైన దృశ్యంతో పాటు టాస్క్‌బార్, బ్రౌజర్ ట్యాబ్‌లు, ఈమెయిల్ చిరునామా, ఒక్కోసారి ఓటీపీ సందేశం సైతం రికార్డవుతాయి. ఫ్రేమ్ అంచులను తొలగించి, కావలసిన భాగాన్ని మాత్రమే నిలిపే ప్రక్రియను క్రాపింగ్ అంటారు. నిడివిని తగ్గించే ట్రిమ్మింగ్ దీనికి భిన్నమైనది.

కొలతల లెక్క

1920×1080 పిక్సెళ్ల రికార్డింగ్ నిష్పత్తి 16:9. విండోస్ 11లో స్కేలింగ్ 100 శాతం ఉన్నప్పుడు టాస్క్‌బార్ ఎత్తు 48 పిక్సెళ్లు. దానిని తొలగిస్తే 1920×1032 మిగులుతుంది. దీనిని 16:9 ప్రాజెక్టులో ఉంచితే నల్లటి పట్టీలు కనిపిస్తాయి. వాటిని నివారించాలంటే వెడల్పును కూడా సుమారు 1834 పిక్సెళ్లకు కుదించాలి.

మొబైల్ కోసం అదే రికార్డింగ్‌ను 9:16 నిలువు వీడియోగా క్రాప్ చేస్తే దాదాపు 608×1080 మిగులుతుంది. ఇది మొత్తం పిక్సెళ్లలో మూడో వంతు కంటే తక్కువ. దానిని 1080×1920కు సాగదీస్తే అక్షరాలు మసకబారతాయి. అందువల్ల రికార్డింగ్‌కు ముందే తెరపై అక్షరాల పరిమాణాన్ని పెంచుకోవడం మేలు. వీడియోలలో విరివిగా వాడే 4:2:0 పద్ధతిలో రంగు సమాచారం 2×2 పిక్సెళ్ల సమూహానికి ఒకటి చొప్పున నమోదవుతుంది కనుక, వెడల్పు, ఎత్తు సరి సంఖ్యలుగా ఉండాలి.

సాఫ్ట్‌వేర్లలో విధానం

అడోబ్ ప్రీమియర్ ప్రోలోని క్రాప్ ఎఫెక్ట్‌లో నాలుగు అంచులకు శాతాల్లో విలువలు ఇవ్వాలి. పై ఉదాహరణలో కింది అంచు విలువ సుమారు 4.44 శాతం. డావిన్సీ రిజాల్వ్‌లో ఇన్‌స్పెక్టర్ ప్యానెల్‌లోని క్రాపింగ్ విభాగం ఇదే పని చేస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ క్రాప్ ఫిల్టర్‌కు వెడల్పు, ఎత్తు, ఎడమ అంచు నుంచి దూరం, పై అంచు నుంచి దూరం వరుసగా ఇవ్వాలి. చివరి రెండూ ఇవ్వకపోతే అది మధ్య భాగాన్ని తీసుకుంటుంది. అప్పుడు పైన 24, కింద 24 పిక్సెళ్లు పోయి, టాస్క్‌బార్‌లో సగం అలాగే మిగులుతుంది.

దాచడం వేరు, తొలగించడం వేరు

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్రాప్ చేసినా మూల ఫైలు మారదు. దాచిన భాగాన్ని ఎప్పుడైనా వెనక్కి తేవచ్చు. కాబట్టి ప్రాజెక్టును మూల ఫైళ్లతో సహా ఇతరులకు పంపితే గోప్య సమాచారం కూడా చేరిపోతుంది. ఎక్స్‌పోర్ట్ సమయంలో కొత్తగా ఎన్‌కోడ్ అయిన వీడియోలో మాత్రం ఆ పిక్సెళ్లు ఉండవు. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఫైలులోని క్రాప్ సూచనలను మాత్రమే మార్చే పద్ధతుల్లో అవి ఫైలులోనే ఉంటాయి. ప్లేయర్ వాటిని చూపదు, అంతే.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2023 మార్చిలో స్క్రీన్‌షాట్ల విషయంలో వెల్లడైంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ సాధనంతో క్రాప్ చేసిన చిత్రాల నుంచి తొలగించిన భాగాన్ని కొంతమేర తిరిగి పొందవచ్చని పరిశోధకులు సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ బయటపెట్టారు. పాత ఫైలుపై చిన్న ఫైలును రాసినప్పుడు పాత సమాచారం చివరన మిగిలిపోవడమే కారణం. ఆ లోపాన్ని తర్వాత సరిదిద్దారు.

రికార్డింగ్‌కు ముందు నోటిఫికేషన్లను నిలిపివేయడం, ఫ్రేమ్ మధ్యలో కనిపించే వివరాలను పూర్తిగా కప్పే గడితో మూయడం, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలునే పంపడం సురక్షితం. నోటిఫికేషన్ ఏ క్షణంలోనైనా మెరిసి మాయం కావచ్చు కనుక, పంపే ముందు వీడియోను ఆసాంతం పరిశీలించాలి.